టర్బో పెట్రోల్ కారు సైలెన్సర్‌లో మసి: ఎందుకు వస్తుంది, ఎలా తగ్గుతుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2022లో కొన్న 1.0 లీటర్ టర్బో పెట్రోల్ కారు. హైదరాబాద్‌లో ఇంటి నుంచి ఆఫీసుకు 5 కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ 5. సైలెన్సర్ కొనలో వేలు పెడితే నల్లగా అంటుకుంటోంది. ఇంతకుముందు వాడిన పాత పెట్రోల్ కారుకు ఇలా ఎప్పుడూ లేదు. పొల్యూషన్ టెస్టు మాత్రం పాసైంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ఇది మామూలే అన్నారు. బయట మెకానిక్ కార్బన్ క్లీనింగ్ చేయించమన్నాడు. ఇంజిన్ పాడైందా, మసి ఉన్నా పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా వచ్చింది, కంపెనీలు దీనికి ఏం చేస్తున్నాయి, మీరేం చేయగలరు, విడిగా ఫిల్టర్ వేయించుకోవచ్చా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా ఇంజిన్ క్యాలిబ్రేషన్‌లో పనిచేస్తున్నాను. అంటే ఇంజిన్‌ను టెస్ట్ బెడ్ మీద పెట్టి, ఏ స్పీడులో ఏ లోడులో పెట్రోల్ ఎంత కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి అన్నది ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో నింపే పని. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్ లోపలికే కొట్టే పద్ధతి, మీ కారులో ఉన్నది) వచ్చాక మా పనిలో పెద్ద భాగం ఈ మసితోనే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంజిన్ పాడైందని మాత్రం టెన్షన్ పడకండి. ఆయిల్ తగ్గిపోకుండా, పికప్, మైలేజీ ఎప్పటిలాగే ఉంటే, మీరు చెప్పిన మసి ఈ రకం ఇంజిన్‌లో కనిపించేదే. అలాగని ‘మామూలే’ అని వదిలేయడం నాకు నచ్చదు. ఆ మసిలో సన్నటి కణాలు చాలావరకు 20 నుంచి 100 నానోమీటర్ల సైజులో ఉంటాయి. ఊపిరితిత్తుల్లో చివరి గాలి తిత్తుల దాకా వెళ్లే సైజు అది. మీ వేలికి అంటింది గొట్టంలో పేరుకున్న కొంచెమే, మిగతాదంతా సిగ్నల్ దగ్గర వెనక బైకు మీద ఉన్నవాళ్లు పీల్చారు.

పాత పెట్రోల్ ఇంజిన్లలో ఇంజెక్టర్ సిలిండర్ బయట ఉంటుంది. 3, 4 బార్ ప్రెషర్‌తో పెట్రోల్‌ను వేడిగా ఉన్న ఇన్‌టేక్ వాల్వ్ వెనక వైపు కొడుతుంది. చాలావరకు అక్కడే ఆవిరై, గాలితో కలిసి లోపలికి వెళ్తుంది. మీ కారులో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్ లోపలికే కొడుతుంది. ప్రెషర్ 200 బార్ దాకా, కొత్త ఇంజిన్లలో 350 బార్ దాకా ఉంటుంది. దీని లాభాలు నిజమైనవే. పెట్రోల్ సిలిండర్ లోపల ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కాబట్టి నాకింగ్ (మంట చేరకముందే ఇంధనం తనంతట తానే అంటుకోవడం) తగ్గుతుంది, కంప్రెషన్ పెంచుకోవచ్చు, టర్బోను గట్టిగా వాడుకోవచ్చు. ఒక్క లీటర్ ఇంజిన్ 120 హార్స్‌పవర్ ఇస్తోందంటే అందులో దీని పాత్ర పెద్దది.

చిక్కు అంతా టైమ్‌తోనే. 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజెక్షన్ మొదలైనప్పటి నుంచి స్పార్క్ దాకా ఉండేది సుమారు 25 మిల్లీసెకన్లు. 6000 దగ్గర 8. ఆలోగా ప్రతి చుక్కా ఆవిరై గాలిలో కలిసిపోవాలి. కలవకుండా ఎక్కడైనా తడిగా మిగిలితే, స్పార్క్ పడ్డాక ఆ తడి కిరోసిన్ బుడ్డిలా మండుతుంది. మంట చుట్టూ గాలి ఉన్నా, తడి దగ్గర ఇంధనం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. ఆ వేడికి పెట్రోల్ అణువులు పూర్తిగా కాలకుండా విరిగి, ఒకదానికొకటి అతుక్కుని కార్బన్ గుళికలవుతాయి. మసి అంటే అదే. సిలిండర్ మొత్తం మీద గాలి, పెట్రోల్ పాళ్లు సరిగ్గా ఉన్నా మసి రావడానికి కారణం ఇదే: లెక్క మొత్తానికి సరిపోయింది, ఒక మూల సరిపోలేదు. కాబట్టి ఈ ఇంజిన్లలో మసి తగ్గించడమంటే స్పార్క్ పడే వేళకు లోపల తడి లేకుండా చూడటమే. డిజైనైనా, సాఫ్ట్‌వేరైనా, ఇంధనమైనా, మీ డ్రైవింగైనా అన్నీ ఈ ఒక్క పని చుట్టూనే తిరుగుతాయి.

తడి మిగిలే చోట్లు ముఖ్యంగా మూడు. మొదటిది పిస్టన్ పైభాగం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్ప్రే నేరుగా పిస్టన్‌ను తగిలితే పల్చటి పొరలా అంటుకుని ఉండిపోతుంది. రెండోది సిలిండర్ గోడ. ఇక్కడ అంటిన పెట్రోల్ మసి అవడమే కాదు, రింగుల పక్క నుంచి జారి కింద ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. మూడోది బయట పెద్దగా ఎవరూ చెప్పుకోనిది, ఇంజెక్టర్ కొన. ఇంజెక్టర్ మూసుకునే క్షణంలో చివరి చుక్కలు రంధ్రాల అంచున మిగిలిపోతాయి. అవి మండగా మండగా కొనమీద కార్బన్ పేరుకుంటుంది. ఆ కార్బన్ పొరలో సన్నటి ఖాళీలుంటాయి, తర్వాతి ఇంజెక్షన్‌లో అవి ఇంకొంచెం పెట్రోల్‌ను పట్టి ఉంచుతాయి, అది మళ్లీ మసై ఇంకొంచెం పేరుకుంటుంది. మొదట్లో శుభ్రంగా ఉన్న ఇంజిన్ కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఎక్కువ కణాలు వదలడం మొదలుపెట్టిందంటే మేం ముందు అనుమానించేది ఈ కొననే.

ఇప్పుడు కంపెనీలు చేసేది. మొదటి అస్త్రం ఇంజెక్షన్ టైమింగ్. పిస్టన్ పైనే ఉండగా తొందరపడి కొడితే పిస్టన్ తడుస్తుంది. ఆలస్యం చేస్తే ఆవిరయ్యే టైమ్ తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య మంచి చోటు ఒక సన్నటి కిటికీలా ఉంటుంది, ఇంజిన్ చల్లగా ఉంటే అది ఇంకా ఇరుకవుతుంది. అందుకే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత మారేకొద్దీ టైమింగ్ మారేలా టేబుళ్లు నింపుతాం. తర్వాతది, కొట్టాల్సిన పెట్రోల్‌ను ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా కొట్టడం. ఒక్కో విడత చిన్నదైతే స్ప్రే గోడ దాకా దూసుకెళ్లదు. ప్రెషర్‌ను 200 నుంచి 350 బార్‌కు పెంచడం వల్ల చుక్కలు సన్నబడి త్వరగా ఆవిరవుతాయి. ప్రెషర్ పెంచితే చాలు అనుకునేవాళ్లున్నారు, అది నిజం కాదు. ప్రెషర్ పెరిగితే స్ప్రే వేగమూ పెరుగుతుంది, రంధ్రాల దిశ, సైజు మార్చకపోతే గోడ ఇంకా ఎక్కువ తడుస్తుంది. రంధ్రాలను లేజర్‌తో తొలిచి, కొన దగ్గర చుక్క నిలవకుండా చెక్కడం వల్ల వచ్చిన మేలు, నా దృష్టిలో, ప్రెషర్ పెంచడం వల్ల వచ్చినదానికి ఏమీ తీసిపోదు.

పిస్టన్‌ను త్వరగా వేడెక్కించడం ఇంకో దారి. పిస్టన్ కింది నుంచి ఆయిల్ చిమ్మి చల్లబరిచే జెట్లు ఈ ఇంజిన్లలో ఉంటాయి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు వాటిని ఆపేస్తే పిస్టన్ తొందరగా వేడెక్కుతుంది, తడి తగ్గుతుంది. టొయోటా ఇంకో దారి పట్టింది. 2005లో లెక్సస్ ఐఎస్ 350తో మొదలుపెట్టి ఒక్కో సిలిండర్‌కు రెండు ఇంజెక్టర్లు పెట్టింది, ఒకటి లోపల, ఒకటి బయట ఇన్‌టేక్ దారిలో. తక్కువ లోడులో బయటిది, ఎక్కువ లోడులో లోపలిది, మధ్యలో రెండూ. మసి తగ్గడమే కాదు, బయటి ఇంజెక్టర్ వాల్వులను కడుగుతుంది కాబట్టి అక్కడ కార్బన్ పేరుకోదు. ఖర్చు ఎక్కువ, కానీ ఇంజినీరింగ్‌పరంగా ఇది నాకు చాలా ఇష్టమైన పరిష్కారం.

ఇన్ని చేసినా ఇంజిన్ చల్లగా స్టార్ట్ అయినప్పుడు, ఆక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు కణాలు ఎగసిపడతాయి. అక్కడ మిగిలిన దారి ఫిల్టర్. పేరు జీపీఎఫ్, అంటే గ్యాసోలిన్ పార్టిక్యులేట్ ఫిల్టర్, జర్మన్ కంపెనీలు ఓపీఎఫ్ అంటాయి. తేనెపట్టు లాంటి సిరామిక్ దిమ్మె, సన్నటి గొట్టాలు ఒకటి విడిచి ఒకటి చివర మూసి ఉంటాయి. పొగ ఒక గొట్టంలోకి వెళ్లి, గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా పక్క గొట్టంలోకి దూరి బయటికి పోవాలి, మసి గోడలోనే ఆగిపోతుంది. 2014లో మెర్సిడెస్ ఎస్ 500లో మొదట వచ్చింది. డీజిల్ ఫిల్టర్ గురించి విన్న భయాలన్నీ దీనికి అంటగట్టకండి. పెట్రోల్ ఇంజిన్ పొగ డీజిల్ పొగ కంటే చాలా వేడి. మసి కాలడానికి కావలసిన 600 డిగ్రీల దరిదాపులకు మామూలు హైవే డ్రైవింగ్‌లోనే చేరుతుంది. కొరత ఆక్సిజన్‌కే. అది గేర్‌లో ఉండగా ఆక్సిలరేటర్ వదిలినప్పుడు దొరుకుతుంది, ఎందుకంటే అప్పుడు ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది, ఇంజిన్ వట్టి గాలిని పంపుతుంది, ఆ గాలికి మసి కాలిపోతుంది.

మన దగ్గర పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి దొర్లించే అలవాటు చాలామందికి ఉంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఐడిల్‌లో ఉండటానికి పెట్రోల్ తాగుతూనే ఉంటుంది, ఫిల్టర్‌కు ఆక్సిజనూ అందదు. రెండు విధాలా నష్టం. గేర్‌లోనే ఉంచి కాలు తీయండి.

మీ పాత డీజిల్ మిత్రులు నమ్మకపోవచ్చు గానీ, ఫిల్టర్ సరిగ్గా పనిచేస్తున్న డీజిల్ కారు, ఫిల్టర్ లేని డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కారు కంటే తక్కువ కణాలు వదులుతుంది. యూరప్ రూల్ మార్చడానికి కారణం ఇదే. అక్కడ బరువుతో పాటు కణాల సంఖ్యనూ లెక్కపెడతారు, ఎందుకంటే ఇంత సన్నటి కణాలు కోట్లు కలిసినా తూకానికి అందవు. 2014లో యూరో 6 అనే అక్కడి పొగ నియమాలు మొదలైనప్పుడు ఈ ఇంజిన్లకు కిలోమీటరుకు 6 లక్షల కోట్ల కణాల దాకా వెసులుబాటు ఇచ్చారు. 2017 సెప్టెంబర్ నుంచి కొత్త మోడళ్లకు అది పదో వంతు, అంటే 60 వేల కోట్లు. అదే సమయంలో రోడ్డు మీద నడుపుతూ కొలిచే టెస్టు కూడా వచ్చింది. ల్యాబ్ టెస్టును టైమింగ్ సర్దుబాట్లతో గట్టెక్కినవాళ్లు రోడ్డు టెస్టు దగ్గర ఆగిపోయారు. ఆ తర్వాతే యూరప్ కార్లలో ఫిల్టర్ మామూలు విషయమైంది. చైనా అయితే తన ఆరో దశ రూల్‌లో డైరెక్ట్ ఇంజెక్షన్‌కే కాక అన్ని పెట్రోల్ కార్లకూ కణాల సంఖ్య పరిమితి పెట్టింది. ఇంతకాలం 23 నానోమీటర్ల కంటే పెద్దవాటినే లెక్కపెట్టేవారు. 2026 నవంబర్ చివరి నుంచి కొత్త మోడళ్లకు అమలయ్యే యూరో 7లో 10 నానోమీటర్ల దాకా లెక్కపెట్టాలి.

మన బీఎస్ 6 కూడా 2020 ఏప్రిల్ 1న ఇదే దారిలో వచ్చింది, ఈ ఇంజిన్లకు మొదటి మూడేళ్లు అదే 6 లక్షల కోట్ల వెసులుబాటుతో. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ, రోడ్డు మీద కొలిచే టెస్టుతో కలిపి. మీ కారు 2022ది, వెసులుబాటు కాలంలోది. దాంట్లో ఫిల్టర్ లేకపోయే అవకాశమే ఎక్కువ. ఓనర్స్ మాన్యువల్‌లో పార్టిక్యులేట్ ఫిల్టర్ అన్న మాట, దాని వార్నింగ్ లైటు బొమ్మ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఫిల్టర్ ఉన్నట్టే. ఫిల్టర్ ఉన్న కారుకు సైలెన్సర్ లోపల మసి దాదాపు ఉండదు, కాబట్టి మీ వేలే చాలావరకు జవాబు చెప్పేసింది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా వచ్చిందన్నారు. పెట్రోల్ కారుకు అక్కడ ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు, కాస్త రేజ్ చేసి గాలి, పెట్రోల్ పాళ్లు చూస్తారు. కణాలను లెక్కపెట్టే మెషీన్ అక్కడ లేదు. అందుకే ఆ కాగితం ఈ మసి గురించి ఏమీ చెప్పదు. నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీల్లో ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లకు వాహన తనిఖీలోనే కణాల లెక్క మొదలైంది. మన దగ్గర కూడా రావాలి, పెట్రోల్ కార్లను వదలకుండా రావాలి అని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఫిల్టర్ పీకేసి, ఈసీయూ లెక్కలు మార్చి రీమ్యాప్ చేసే షాపులను పట్టుకోవడానికి ఇప్పుడున్న టెస్టు ఏమాత్రం పనికిరాదు.

ఇంధనం సంగతి. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, తేలిగ్గా ఆవిరయ్యేవీ, మొండిగా ఉండిపోయేవీ కలిసిన మిశ్రమం. అందులో ఆరోమాటిక్స్ అనే ఉంగరం ఆకారపు అణువులుంటాయి. వాటిలో తేలికైన టొలుయీన్ 111 డిగ్రీలకే మరుగుతుంది. తొమ్మిది, పది కార్బన్లున్న బరువైన ఆరోమాటిక్స్ 165 నుంచి 200 డిగ్రీలు దాటేదాకా మరగవు. మసిలో వాటి వాటా వాటి పాళ్లకు మించి ఉంటుంది. పిస్టన్ మీద చివరిదాకా మిగిలేవి అవే, ఉంగరం ఆకారపు అణువులు కాబట్టి మసిగా మారడానికి సిద్ధంగా ఉండేవీ అవే. హోండా ఇంజినీర్లు 2010లో ఈ రెండు గుణాలనూ కలిపి ఒక సూచిక తయారుచేశారు, ఇప్పుడు పరిశ్రమలో దాన్ని విరివిగా వాడుతున్నారు. మన బీఎస్ 6 పెట్రోల్‌లో ఆరోమాటిక్స్ 35 శాతం మించకూడదు, చివరి చుక్క 210 డిగ్రీల లోపు మరిగిపోవాలి. ఆ 35లో బరువైనవి ఎన్ని ఉండొచ్చో విడిగా ఒక పరిమితి పెడితే, ఒక్క బోల్టు మార్చకుండా రోడ్డు మీదున్న కార్లన్నిటిలోనూ మసి తగ్గుతుంది. ఇక కిరోసిన్ కలిసిన కల్తీ పెట్రోల్ అయితే ఈ ఇంజిన్లకు విషమే, అందులో ఉండేదంతా ఆలస్యంగా మరిగే సరుకు.

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ మసిని పెంచుతుందా, తగ్గిస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. రెండూ జరుగుతాయి. ఇథనాల్‌లో ఆరోమాటిక్స్ లేవు, బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే, కాబట్టి తనంతట తాను మసి చేయదు. కానీ ఆవిరవడానికి పెట్రోల్ కంటే రెట్టింపుకు పైగా వేడి లాక్కుంటుంది. పైగా ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి అదే పనికి ఎక్కువ ఇంధనం కొట్టాలి. చల్లటి ఇంజిన్‌లో ఈ చలవ వల్ల బరువైన ఆరోమాటిక్స్ ఇంకా ఆలస్యంగా ఆవిరవుతాయి. వేడెక్కిన ఇంజిన్‌లో ఈ20 మేలే చేస్తుంది, చల్లగా ఉన్నప్పుడు ఆ మేలు కరిగిపోతుంది.

దీంతో మీ అసలు విషయానికి వచ్చాం: 5 కిలోమీటర్ల ప్రయాణం. హైదరాబాద్‌లో చలి లేదు కదా అనుకోవచ్చు. 90 డిగ్రీల దగ్గర పనిచేయాల్సిన ఇంజిన్‌కు 30 డిగ్రీలూ చల్లనే. 5 కిలోమీటర్లలో కూలెంట్ వేడెక్కే సరికి ఆఫీసు వస్తుంది, ఆయిల్ అప్పటికీ పూర్తిగా వేడెక్కదు. అంటే మీ ఇంజిన్ రోజూ రెండుసార్లు తన జీవితంలో అత్యంత మురికి నిమిషాలనే గడిపి ఆగిపోతోంది. పొద్దున ఇంటి ముందు నిలబెట్టి వేడిచేయడం పరిష్కారం కాదు, ఐడిల్‌లో ఇంజిన్ మెల్లగా వేడెక్కి చల్లటి దశ ఇంకా సాగుతుంది. స్టార్ట్ చేసి కొన్ని క్షణాల్లో కదలండి. మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఆక్సిలరేటర్ సుతారంగా వాడండి. మీరు కొంచెం కొంచెంగా తొక్కితే ఈసీయూ చిన్న విడతలుగా కొట్టగలదు, ఒక్కసారి నొక్కితే దానికి ఆ వీలు ఉండదు. కూరగాయలు, బ్యాంకు, పిల్లల ట్యూషన్ లాంటి చిన్న పనులను విడివిడిగా చల్లటి స్టార్టులతో కాకుండా ఒకే ట్రిప్పులో కలపండి. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట తిప్పితే ఆయిల్‌లో కలిసిన పెట్రోల్ ఆవిరైపోతుంది, ఇంజెక్టర్ కొనకూ కాస్త మంచిది.

థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వ్, చెక్ చేయించండి. ఇది నేను నొక్కి చెబుతున్నాను. ఎండాకాలం ఇంజిన్ వేడెక్కుతోందని చెబితే థర్మోస్టాట్ పీకేసే మెకానిక్ షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాత ఇంజిన్లు దాన్ని ఎలాగో భరించాయి. మీ ఇంజిన్‌లో థర్మోస్టాట్ లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా, ఈసీయూ ఎప్పటికీ చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ కొడుతూనే ఉంటుంది. ఈసీయూ రీడింగులను ఫోన్‌లో చూపించే ఒక మామూలు ఓబీడీ డాంగిల్ పెట్టి హైవే మీద కూలెంట్ చూడండి. 85, 95 మధ్య నిలబడాలి. 65, 70కి పడిపోతుంటే మీ మసికి కారణం అక్కడే దొరికినట్టు.

ఆయిల్ విషయంలో మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి, కేవలం 5డబ్ల్యూ 30 అన్న చిక్కదనం అంకె చూసి సరిపెట్టుకోవద్దు. ఫిల్టర్ ఉన్న కార్లకు ఇది మరీ ముఖ్యం. ఆయిల్‌లోని కాల్షియం, జింక్ కాలితే బూడిద మిగులుతుంది, మసిలా అది కాలిపోదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన సీ2, సీ3 గ్రేడుల్లో బూడిద 0.8 శాతం మించదు, ఏ3 బీ4 గ్రేడులో 1.6 దాకా ఉండొచ్చు. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోల్ వాసన వస్తుంటే కిలోమీటర్ల లెక్క చూడకుండా ఆయిల్ మార్పించండి. మీలాంటి చిన్న ట్రిప్పులకు సంవత్సరం దాకా ఆగకపోవడమే మంచిది.

మెకానిక్ చెప్పిన కార్బన్ క్లీనింగ్ ఏ రకమో కనుక్కోండి. హైడ్రోజన్ పంపి శుభ్రం చేస్తామనే మెషీన్లకు డబ్బు పెట్టమని నేను చెప్పను. ఇంజెక్టర్ కొనమీద పేరుకున్నదానికి పాలీఈథర్ అమీన్ ఉన్న పెట్రోల్ అడిటివ్ పనిచేస్తుంది, సర్వీసుకు ముందు ఒక ట్యాంకుకు కలిపి చూడండి. ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ వేరే కథ. మీ ఇంజిన్‌లో అక్కడ పెట్రోల్ తగలదు కాబట్టి ట్యాంకులో ఏం కలిపినా దానికి చేరదు. ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉండి, మిస్‌ఫైర్ కోడ్ వస్తేనే మ్యానిఫోల్డ్ విప్పి, అక్రోటు పెంకుల పొడితో కొట్టి శుభ్రం చేయిస్తారు. మీకు ఆ లక్షణాలు లేవు.

విడిగా ఫిల్టర్ కొని వేయించుకోవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న. వద్దు. ఫిల్టర్ అంటే దిమ్మె ఒక్కటే కాదు. ముందూ వెనకా ప్రెషర్ తేడా చూసే సెన్సార్, లోపల ఎంత మసి ఉందో అంచనా వేసే లెక్క, మరీ ఎక్కువైతే దాన్ని కాల్చే పద్ధతి అన్నీ ఈసీయూలో ఉండాలి. అవి లేకుండా వేస్తే ఒకరోజు నిండిపోయి పికప్ చచ్చిపోతుంది, లేదా నిండా మసి ఉన్నప్పుడు ఒక్కసారి ఆక్సిజన్ తగిలి దిమ్మె కరిగిపోయేంత వేడి పుడుతుంది. తర్వాతి కారు కొనేటప్పుడు మాత్రం సన్‌రూఫ్ గురించి అడిగినంత గట్టిగా ఈ ఫిల్టర్ గురించి షోరూంలో అడగండి.

ప్రస్తుతానికి ఓబీడీలో కూలెంట్ రీడింగ్, పోయినసారి సర్వీసు బిల్లులో ఆయిల్ గ్రేడ్ ఏమని రాసుందో చూసి చెప్పండి. ఆ రెండూ తెలిస్తే మీ కారులో ఇంకేమైనా వెతకాలో లేదో చెప్పగలను.